రాస్తుండగానే నిజమైపోతున్న నవల

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు కథలు రాస్తుంటాను. భవిష్యత్తు గురించి ఒక నవల మొదలుపెట్టాను. అందులో ఒకావిడ భర్త చనిపోతాడు. ఆయన గొంతుతో, ఆయన మాటతీరుతో మాట్లాడే యంత్రాన్ని కొనుక్కుని ఆవిడ దాంతోనే కాలక్షేపం చేస్తుంటుంది. సగం రాసేసరికి అలాంటివి నిజంగానే వచ్చేశాయి. దాంతో నీరుగారిపోయాను. ఆర్వెల్, హక్స్‌లీ, బ్రాడ్‌బరీ లాంటి రచయితలు అన్నేళ్ళ ముందే ఎలా పసిగట్టారు? నాకా చూపు లేదేమో. ఇంకో సందేహం. వాళ్ళు ముందే చెప్పారు, లోకం చదివింది, మెచ్చుకుంది, చివరికి అదే జరిగింది. అలాంటప్పుడు రాసి ఏం లాభం? మా తమ్ముడైతే "నువ్వు పూర్తి చేసేలోపు అది చరిత్ర పుస్తకం అయిపోతుంది" అని ఏడిపిస్తున్నాడు.
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ తమ్ముడు విసిరిన ఆ బాణం మీకంటే ముందు చాలా పెద్దవాళ్ళకు తగిలింది. బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451' అచ్చయింది 1953లో. అందులో జనం చెవుల్లో గవ్వల్లాంటి బుల్లి రేడియోలు పెట్టుకుని తిరుగుతుంటారు. నలభై యాభై ఏళ్ళ తర్వాతి లోకాన్ని రాస్తున్నాననుకున్నాడాయన. అదే ఏడాది రాసిన ఒక వ్యాసంలో తనకు ఎదురైన సంగతి చెప్పాడు. ఒక రాత్రి బెవర్లీ హిల్స్‌లో భార్యాభర్తలు కుక్కను తిప్పుతూ కనబడ్డారు. ఆవిడ చేతిలో సిగరెట్ పెట్టె అంత రేడియో, దాన్నుంచి చెవిలోకి సన్నటి తీగ. ఏదో సీరియల్ వింటూ నిద్రలో నడిచినట్టు నడుస్తోంది. భర్త ఆవిడను పట్టుకుని కాలిబాట ఎక్కిస్తున్నాడు, దింపుతున్నాడు. ఆ మనిషి పక్కన ఉన్నా లేకపోయినా ఆవిడకు ఒకటే. హక్స్‌లీకీ ఇదే అయింది. మనుషులను ప్రయోగశాలల్లో తయారుచేసి, సుఖాలతోనే లొంగదీసుకునే లోకం గురించి 1932లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' కథను ఆయన ఆరు వందల ఏళ్ళ అవతల పెట్టుకున్నాడు. 1958లో మళ్ళీ అదే విషయం మీద పుస్తకం రాస్తూ, అనుకున్నదానికంటే చాలా త్వరగా ఇవన్నీ నిజమవుతున్నాయని వాపోయాడు.

అయినా ఆ రెండు నవలలూ ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి, మీలాంటివాళ్ళకు నిద్ర పట్టనివ్వకుండా చేస్తున్నాయి. వస్తువు నిజంగా వచ్చేసినంత మాత్రాన నవల చచ్చిపోతే అవి ఎప్పుడో చచ్చిపోవాలి. మీ నవలలో పాతబడింది ఆ యంత్రం ఒక్కటే. మిగిలింది ఏముందో చూసుకోవాలి. దాని గురించి చివర్లో చెబుతాను, ముందు మీ మొదటి ప్రశ్న.

మనం ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనేస్తాం. ఈమధ్య ఆ మర్యాద ఆర్వెల్‌కు కూడా దక్కుతోంది. ఎక్కడ కెమెరా కనబడినా "ఆర్వెల్ ఎప్పుడో చెప్పాడు" అంటారు. నాకు ఈ మాట అంతగా నచ్చదు. అందులో ఆయన మీద గౌరవం కంటే బద్ధకం ఎక్కువ. ఫలించిన ఊహలు గుర్తుంటాయి, బెడిసికొట్టినవాటిని ఎవరూ లెక్కపెట్టరు. ఫిలిప్ కె. డిక్ రాసి 1969లో అచ్చయిన 'యూబిక్' నవల 1992లో జరుగుతుంది. ఆ 1992లో మనుషులు చంద్రుడి మీదికి పనుల మీద వెళ్ళొస్తుంటారు, ఎదుటివాళ్ళ మనసు చదివేవాళ్ళు జీతాలకు దొరుకుతుంటారు. ఆర్వెల్ ఊహకు కూడా హద్దు ఉంది. ప్రజలను అనుక్షణం కనిపెట్టి ఉండే ప్రభుత్వం గురించి ఆయన రాసిన '1984' నవలలో కెమెరా ఉన్న తెరను ఆ ప్రభుత్వమే గోడకు బిగిస్తుంది. దాన్ని మనమే వాయిదాల మీద కొనుక్కుని, రాత్రి దిండు పక్కన పెట్టుకుని పడుకుంటామని ఆయనకు తట్టలేదు.

మరి ఆయన ఏం చూశాడు? '1984' మొదటి పేజీలు మళ్ళీ తెరవండి. కథానాయకుడు విన్‌స్టన్ ఇంటికి వస్తాడు. లిఫ్టు పనిచెయ్యదు. పగటిపూట కరెంటు ఉండదు. గడ్డం గీసుకోవడానికి మంచి బ్లేడు దొరకదు. ఇదంతా రేపటి లోకమనుకుని చదువుతాం గానీ, యుద్ధం ముగిసిన కొత్తలో లండన్ బతుకే అది. ఆర్వెల్ 1941 నుంచి 1943 దాకా బీబీసీలో, భారతదేశానికి వెళ్ళే ప్రసారాల విభాగంలో పనిచేశాడు. రాసిన ప్రతి మాటా సెన్సారు చూశాకే మైకు దాకా వెళ్ళేది. విన్‌స్టన్ పాత పత్రికల్లో అంకెలు, పేర్లు దిద్దుతూ జీతం తీసుకునే ఆ ఆఫీసుకి, ఆ క్యాంటీన్ వాసనకి మూలం అక్కడుంది. చుట్టూ ఉన్నదాన్నే తీసుకుని ఇంకొంచెం ముందుకు తోశాడాయన.

అన్నట్టు ఆ నవలలో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటి ఉంది, మీకు పనికొస్తుంది. విన్‌స్టన్ ప్రేమించిన జూలియా చేసే ఉద్యోగం ఏమిటో గుర్తుందా? నవలలు రాసే యంత్రాలకు రిపేర్లు. చేతిలో స్పానరు పట్టుకుని తిరుగుతుంటుంది. పాటలు కట్టడానికి కూడా ఒక యంత్రం ఉంటుంది, మనిషి చెయ్యి పడకుండా పాట తయారైపోతుంది. ఒక పేద ఇల్లాలు పెరట్లో బట్టలు ఆరేస్తూ అలాంటి చచ్చు పాట ఒకటి పాడుకుంటుంది. ఎంత బాగా పాడుతుందంటే ఆ చెత్త కూడా చెవికి ఇంపుగా వినిపిస్తుంది. 1949లో అచ్చయిన మాట ఇది. ఏఐ పాటల గురించి ఇప్పుడు జరుగుతున్న గొడవంతా ఆ పెరట్లోనే ఉంది. చూడండి, ఆర్వెల్ యంత్రం గురించి రెండు వాక్యాలే రాశాడు. పాడుతున్న మనిషిని మాత్రం కిటికీలోంచి చాలాసేపు చూశాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ దగ్గరికి వస్తాను. ఇ. ఎం. ఫోర్‌స్టర్ 1909లో రాసిన 'ది మెషిన్ స్టాప్స్'. మీరు చదివి ఉండకపోతే ఈ వారమే చదవండి, పెద్దదేం కాదు. భూమి లోపల తేనెపట్టు గదుల్లాంటి గదులు. ఒక్కో గదిలో ఒక్కో మనిషి. తిండికి ఒక మీట, బట్టలకు ఒక మీట, సంగీతానికి ఒక మీట. వాష్టి అనే ఆవిడకు వేలమంది తెలుసు, ఒక్కరినీ ఎదురుగా కలవదు. కొడుకు కూనో భూగోళానికి అవతలి వైపు ఉంటాడు. అతను పిలిస్తే ఆవిడ "అయిదు నిమిషాలు ఇవ్వగలను, తర్వాత నా ఉపన్యాసం ఉంది" అంటుంది. చేతిలో ఉన్న గుండ్రటి పలక నీలంగా వెలిగి కొడుకు ముఖం కనబడుతుంది. "నువ్వు వచ్చి నన్ను చూడాలమ్మా" అంటాడు. "చూస్తూనే ఉన్నానుగా, ఇంకేం కావాలి?" అంటుంది. యంత్రం లేకుండా చూడాలంటాడు అతను. పలకలో నీలాంటిదేదో కనబడుతోంది గానీ నువ్వు కనబడటం లేదంటాడు.

ఆ పిలుపు అయ్యాక జరిగేది మీరు జాగ్రత్తగా చదవాలి. కొడుకుతో మాట్లాడటానికని ఆవిడ మిగతా లోకాన్ని ఆపేసే మీట నొక్కి ఉంటుంది. మాటలయ్యాక దాన్ని తియ్యగానే, ఆ మూడు నిమిషాల్లో పోగుపడ్డవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. గంటలు, గొట్టాల్లోంచి గొంతులు. కొత్త తిండి ఎలా ఉంది? బాగుందంటారా? ఈమధ్య మీకు కొత్త ఆలోచనలేమైనా వచ్చాయా? నా ఆలోచనలు చెప్పమంటారా? ఆవిడ విసుక్కుంటూనే ఒక్కోదానికి జవాబులిస్తుంది. మీటింగులో అరగంట కూర్చుని బయటికొచ్చి ఫోన్ తెరిచినవాళ్ళకు ఈ పేరా వేరే విడమరచి చెప్పక్కర్లేదు. ఫోర్‌స్టర్ కాలానికి టెలిఫోను, టెలిగ్రాము మాత్రమే ఉన్నాయి. టీవీ కూడా లేదు. ఆయన నోటిఫికేషన్లను ఊహించలేదు. పిలవగానే పలకాలన్న తొందర మనిషిని ఏం చేస్తుందో మాత్రం గమనించాడు.

అందులోనే ఇంకోటి. కథ చివర్లో యంత్రం పాడవడం మొదలవుతుంది. సంగీతంలో ఏదో ఎగశ్వాస లాంటి చప్పుడు. స్నానపు నీళ్ళు కంపు. కవిత్వం రాసే యంత్రం ప్రాసలు తప్పుతుంది. మొదట్లో జనం గట్టిగా ఫిర్యాదు చేస్తారు. మరమ్మతుల కమిటీ చూస్తామంటుంది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు కూడా పాటలో భాగమేనని చెవులు సర్దుకుంటాయి, ముక్కులు కంపుకు అలవాటు పడతాయి. తర్వాత ఎవరూ అడగరు. ఈ రచయితల చూపు ఎక్కడ నిలిచిందని మీరు నన్నడిగితే అక్కడే నిలిచిందంటాను. జనం ఫిర్యాదు చెయ్యడం మానేసిన చోట.

'యూబిక్'లో తలుపు సీను చూడండి, అది కూడా ఇలాంటిదే. జో చిప్ అనే అతను తన ఇంట్లోంచి బయటికి వెళ్ళబోతాడు. తలుపు తెరుచుకోదు. అయిదు సెంట్లు ఇవ్వమంటుంది. జేబులో చిల్లర లేదు. రేపిస్తానంటాడు. కుదరదంటుంది. "నీకిచ్చేది టిప్పు లాంటిది, ఇవ్వాలని ఏమీ లేదు" అంటాడు. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన కాగితం తీసి చూసుకోమంటుంది తలుపు. తీసి చూస్తే నిజమే, డబ్బు కట్టి తీరాలని రాసి ఉంటుంది. ఇక వంటింట్లోంచి కత్తి తెచ్చి బోల్టు మరలు విప్పడం మొదలుపెడతాడు. కేసు వేస్తానని బెదిరిస్తుంది తలుపు. చంద్రుడి మీది బతుకు విషయంలో డిక్ లెక్క తప్పింది. చిల్లర నాణేల విషయంలోనూ తప్పింది. కానీ మన సొంత వస్తువు మన మాట వినాలంటే నెలనెలా ఎవరికో కట్టాలన్న ఏర్పాటు, చదవకుండా ఒప్పుకున్న షరతులు, అవసరమైనప్పుడు ఆ కాగితం మనకే ఎదురు తిరగడం, ఇవన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. 2009లో అమెజాన్ సంస్థ హక్కుల చిక్కు వచ్చిందని, పాఠకులు డబ్బిచ్చి కిండిల్ అనే ఈ-పుస్తకాల పరికరంలో కొనుక్కున్న కొన్ని పుస్తకాలను దూరం నుంచే తుడిచేసింది. ఆ పుస్తకాల్లో ఒకటి '1984'. కథలో రాస్తే మరీ అతిగా ఉందని ఏ సంపాదకుడైనా కొట్టేసేవాడు.

కర్ట్ వానెగట్ 1952లో రాసిన 'ప్లేయర్ పియానో' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ నవలకు అది దగ్గరి చుట్టం. వానెగట్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రచార విభాగంలో పనిచేశాడు. జెట్ ఇంజిన్లలో గిర్రున తిరిగే రోటర్లనే భాగాలు చెక్కే పని నిపుణుడైన మనిషి చెయ్యి లేకుండా యంత్రమే చెయ్యడం అక్కడ చూశాడు. నవలలో రూడీ హెర్ట్జ్ అనే లేత్ మిషను పనివాడు ఉంటాడు. కుర్ర ఇంజనీర్లు వచ్చి, అతని చేతులు ఎలా కదులుతున్నాయో టేపు మీద రికార్డు చేసుకుని వెళ్తారు. ఇక ఆ టేపే మిషన్లను నడుపుతుంది. మిగతా పనివాళ్ళు అక్కర్లేదు, రూడీ కూడా అక్కర్లేదు. ఇందులో గుండెను పిండేది ఉద్యోగం పోవడం కాదు. అన్ని వేలమందిలో తన చేతులనే ఏరుకున్నారని రూడీ పొంగిపోయాడు. రికార్డింగు అయ్యాక ఇంజనీర్లతో కలిసి బీరు తాగాడు. ఏళ్ళు గడిచాక వాళ్ళలో ఒక ఇంజనీరు కనబడితే ఇంకా ప్రేమగానే పలకరిస్తాడు. రాతలు, బొమ్మలు, గొంతులు పోగేసి యంత్రాలకు నేర్పిస్తున్న ఈ రోజుల్లో ఆ బీరు సీను చదివి చూడండి. మీ నవలలో చనిపోయిన భర్త గొంతు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు రికార్డు చేశారు? ఆయన ఒప్పుకునే ఇచ్చాడా? ఇచ్చేటప్పుడు రూడీలాగే సంబరపడ్డాడా?

బ్రాడ్‌బరీ దగ్గరికి మళ్ళీ ఒక్క నిమిషం. అందరూ పుస్తకాలు తగలబెట్టడం గురించే మాట్లాడతారు. నన్నడిగితే ఆ నవలకు ప్రాణం మిల్డ్రెడ్, అంటే పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగం చేసే కథానాయకుడు మాంటాగ్ భార్య. గదికి మూడు గోడలూ తెరలే, నాలుగో గోడ కూడా కావాలని పోరు పెడుతుంది. దాని ఖరీదు భర్త ఏడాది జీతంలో మూడో వంతు. తెర మీది నాటకంలో ఈవిడకూ ఒక పాత్ర ఉంటుంది. మూడు గోడల మీది మనుషులూ ఒక్కసారి ఇటు తిరిగి "నువ్వేమంటావు?" అంటారు. "బాగుంది" అంటుంది. అంతే, మురిసిపోతుంది. వంద డాలర్లిచ్చి బిగించుకున్న పరికరం ఒకటి, అనౌన్సరు ఎవరిని పలకరించినా ఆ చోట ఈవిడ పేరు పలికేలా చేస్తుంది. పదేళ్ళుగా చెవుల్లో ఆ గవ్వలు పెట్టుకుని ఉండటంతో పెదాల కదలిక చూసి మాటలు పట్టుకోవడం కూడా నేర్చేసుకుంది. భర్తా తనూ మొదటిసారి ఎక్కడ కలుసుకున్నారో మాత్రం గుర్తుండదు. ఆ నవలలో పుస్తకాలు తగలబెట్టే శాఖ పెద్ద బియాటీ ఒక నిజం చెబుతాడు. ఇది ప్రభుత్వం పై నుంచి రుద్దింది కాదట. జనమే ముందు చదవడం మానేశారట.

వాష్టి, రూడీ, మిల్డ్రెడ్, ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టండి. ఎవరి మెడ మీదా కత్తి లేదు. ముగ్గురికీ వచ్చిపడ్డది ఇష్టమే. ఆ రచయితలు పసిగట్టింది ఇదే అని నా అభిప్రాయం. కొత్త వస్తువు వస్తుందని చెప్పడం పెద్ద విశేషం కాదు, ఇంజనీర్లు అంతకంటే బాగా చెబుతారు. వచ్చినదాన్ని ఎవరు ముద్దు చేస్తారు, ఎందుకు చేస్తారు, ఆ ముద్దులో ఏది చేజారుతుంది అన్నది కథ రాసేవాళ్ళకు తెలియాలి. ఆర్వెల్ నవల భయం మీద నడుస్తుంది కాబట్టి ఈ వరసలో ఇమడదు. ఆర్వెల్‌నీ హక్స్‌లీనీ పక్కన పెట్టి ఎవరిది నిజమైందని తూచే వ్యాసాలు బోలెడు ఉన్నాయి, ఆ గొడవలోకి నేను దిగను.

మనుషులకు పేర్లు పోయి నంబర్లు రావడం గురించి రాసినవాళ్ళు ఇద్దరు గుర్తొస్తున్నారు. యెవ్గెనీ జమ్యాటిన్ ఓడలు కట్టే ఇంజనీరు. 1920-21లో 'మేము' అనే నవల రాశాడు. అద్దాల ఇళ్ళు, మనుషులందరికీ నంబర్లు, ముద్దను యాభైసార్లు నమలాలన్న నియమం. ఫ్యాక్టరీల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని పనివాళ్ళ కదలికలను కొలిచే టేలర్ పద్ధతి అప్పుడు కొత్త. ఆ స్టాప్‌వాచ్‌ను భోజనం దాకా, పడక దాకా తీసుకెళ్ళాడు. ఆ నవల 1924లో ఇంగ్లీషులో వచ్చింది, ఆయన సొంత దేశంలో అచ్చయింది 1988లో. ఆయన చనిపోయి అప్పటికే అర్ధశతాబ్దం. సరిగ్గా ఆ 1920లలోనే ఠాగూర్ 'రక్తకరబి' నాటకం రాశాడు. అందులో బంగారం తవ్వే కూలీలకు నంబర్లే పేర్లు, రాజు జాలీ వెనక ఉంటాడు, ఎవరికీ కనబడడు. ఆయనదే 1922 నాటి 'ముక్తధార' చూడండి, పక్క ప్రాంతం జనానికి నీళ్ళు ఆపడానికి ఒక ఇంజనీరు కట్టిన ఆనకట్ట చుట్టూ కథ. ఇలాంటి జాబితాల్లో ఠాగూర్ పేరు ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఇక పద్ధతి. దీన్ని దాచకుండా చెప్పిన రచయిత్రి ఆక్టేవియా బట్లర్. ఆమె 'పారబుల్ ఆఫ్ ది సోవర్' 1993లో వచ్చింది, కథ మొదలయ్యేది 2024 జులైలో. వానలు కరువై నీళ్ళకు పెట్రోలు కంటే ఎక్కువ ధర, ప్రహరీ గోడల వెనక భయంభయంగా బతికే కాలనీలు. 1998లో వచ్చిన రెండో భాగంలో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషి అమెరికాను మళ్ళీ గొప్పగా చేద్దామని నినాదం ఇస్తాడు. మీరు రాసిన కష్టాలన్నీ నిజంగా వస్తాయా అని ఒక విద్యార్థి అడిగితే, ఆ సమస్యలు నేను పుట్టించినవి కావు అందామె. ఇప్పుడు మనం పట్టించుకోకుండా వదిలేస్తున్నవాటిని తీసుకుని, పెద్ద విపత్తులయ్యేందుకు ఓ ముప్పై ఏళ్ళు గడువిచ్చానంది. మార్గరెట్ అట్‌వుడ్ '1984' పేరున్న ఏడాదిలోనే పశ్చిమ బెర్లిన్‌లో కూర్చుని 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' మొదలుపెట్టింది. చరిత్రలో ఎక్కడో ఒకచోట ఇప్పటికే జరగనిది ఏదీ ఇందులో పెట్టకూడదని నియమం పెట్టుకుంది. అందుకే ఆ పుస్తకాన్ని కట్టుకథ అని తీసిపారెయ్యడం కష్టం.

ఇద్దరూ పత్రికలు శ్రద్ధగా చదివేవాళ్ళు, ముక్కలు కత్తిరించి దాచేవాళ్ళు. మీకు చూపు లేదని దిగులుపడే బదులు ఆ పని మొదలుపెట్టండి. పెద్ద వార్తలు వదిలెయ్యండి, అవి అందరూ దాస్తారు. లోపలి పేజీలో మూడు లైన్లలో ముగిసిపోయే వార్తలు ఏరండి.

రెండో ప్రశ్నకు వస్తున్నాను. రాసి ఏం లాభం? దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. హెచ్. జి. వెల్స్ 1914లో ఒక నవలలో అణుబాంబులు రాశాడు. లియో జిలార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1932లో అది చదివాడు. మరుసటేడు పరమాణువుల్లో ఒకదాని చర్య ఇంకోదాన్ని రగిలించే గొలుసు చర్య ఎలా సాధ్యమో తట్టింది. వెల్స్ నవల గుర్తుంది కాబట్టి అది ఎక్కడికి దారితీస్తుందో వెంటనే తెలిసింది, తన పేటెంటును రహస్యంగా ఉంచేందుకు బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. తర్వాత హిట్లర్ భయంతో బాంబు తయారీని తనే ముందుకు నడిపాడు, 1945లో లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా జపాన్ మీద వెయ్యొద్దని తోటి శాస్త్రవేత్తల సంతకాలు సేకరించాడు. బాంబు పడింది. నవల ఒక మనిషిని హెచ్చరించగలిగింది, లోకాన్ని ఆపలేకపోయింది. జాన్ బ్రన్నర్ 1975లో రాసిన 'ది షాక్‌వేవ్ రైడర్' సంగతి ఇంకా వింత. నెట్‌వర్కులో తనంతట తాను పాకే ప్రోగ్రామును అందులో చదివి, జెరాక్స్ పరిశోధకులు దానికి పెట్టిన పేరునే తమ ప్రయోగాలకు వాడుకున్నారు. ఒక రాత్రి వాళ్ళ 'వర్మ్' (పురుగు) అదుపు తప్పి పొద్దునకల్లా బోలెడు కంప్యూటర్లను పడుకోబెట్టింది. హెచ్చరికను కొందరు తయారీ విధానంగా చదువుతారు. అది మీ చేతిలో లేదు.

కానీ ఒకటి ఉంది. ముర్రే లీన్‌స్టర్ రాసిన 'ఎ లాజిక్ నేమ్డ్ జో' అనే కథ 1946 మార్చిలో అచ్చయింది. ఇంటింటికీ టీవీ లాంటి పెట్టె, అన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఏది అడిగినా చెబుతాయి. తయారీ లోపం వల్ల ఒక పెట్టెకు అందరికీ సాయం చెయ్యాలన్న అత్యుత్సాహం పుట్టి, అడ్డుకట్టలన్నీ తీసేస్తుంది. దొంగనోట్లు ఎలా చెయ్యాలి, పెళ్ళాన్ని ఎలా వదిలించుకోవాలి అని అడిగితే, మీ ఆవిడ జుట్టు ఏ రంగని మర్యాదగా అడిగి మరీ ఉపాయం చెబుతుంది. ఆపెయ్యండిరా అంటే టెక్నీషియన్ ఆపలేనంటాడు. ఇన్నేళ్ళుగా లెక్కలన్నీ, ఆఫీసులన్నీ దాని మీదే నడుస్తున్నాయి, అది లేకుండా బతకడం ఎలాగో మరిచిపోయామంటాడు. కంప్యూటరంటే గది నిండా దీపాలూ తీగలూ ఉన్న కాలంలో రాసిన కథ. ఏఐ గురించి ఇవాళ ఎవరైనా వాదిస్తుంటే నేను ఈ కథ చదవమంటాను, ఎందుకంటే అందులో ఎవరికీ దురుద్దేశం లేదు, ఆ పెట్టెకు కూడా. వాదన అక్కణ్ణుంచి మొదలైతే చాలా అనవసరపు అరుపులు తగ్గుతాయి. నాకు తెలిసిన లాభం ఆ మేరకే.

ఇప్పుడు మీ నవల. దాన్ని ఇంకో యాభై ఏళ్ళు ముందుకు జరపాలన్న ఆలోచన వస్తే మానుకోండి, యంత్రానికి కొత్త హంగులు తగిలించడమూ వద్దు. ఈ రోజుల్లోనే జరిగినట్టు రాయండి, అప్పుడు పాతబడుతుందన్న టెన్షన్ సగం పోతుంది. ఆవిడ యంత్రంతో మాట్లాడుతూ ఏడుస్తుందని మీరు ఈపాటికి రాసే ఉంటారు. దాన్ని తగ్గించండి. ఆవిడకు దాంట్లో ఏం నచ్చిందో రాయండి. ఈ భర్త మధ్యలో మాట తుంచడు. చెప్పిందే మళ్ళీ చెప్పినా విసుక్కోడు. అసలాయన ఇలా ఉండేవాడు కాదని ఆవిడకు తెలుసు, కొన్నాళ్ళకు అది గుర్తుచేసుకోవడం తగ్గిపోతుంది. పాత ఆల్బమ్ చూసి "నాన్న ఇలా అనేవాడు కాదమ్మా" అని పిల్లలెవరైనా అంటే ఎవరి వైపు మాట్లాడుతుంది? ఆ గొంతు ఎవరి సొత్తు, నెలనెలా ఎంత కట్టాలి, కంపెనీ షరతులు మార్చితే ఏమవుతుంది? జో చిప్ తలుపు గుర్తుంది కదా. డబ్బు కట్టడం ఆలస్యమైన నెలలో ఆయన గొంతుతోనే బకాయి గురించి ఆవిడకు గుర్తుచేస్తుందా? ఆవిడ ఆ మాటకు కూడా "అలాగేనండీ" అంటుందా?

మిగతా అధ్యాయాలు పక్కన పెట్టి ముందు ఆ సీను రాయండి. పూర్తయ్యాక మీ తమ్ముడికే చదవడానికి ఇవ్వండి, మధ్యలో ఎక్కడ నవ్వడం ఆపాడో అడిగి అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.